నేల మీద గీసిన గోల్ఫ్ మైదానం

గోల్ఫ్ కర్ర సరిగ్గా పట్టుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అయినా వ్యాయామ ఉపాధ్యాయినిగా నేను చేసిన ఉద్యోగంలో, ఇది బాగా చేశాను అని గట్టిగా చెప్పుకోగలిగిన పని ఏదైనా ఉందంటే అది గోల్ఫ్‌తో ముడిపడిందే. మా ఆడపిల్లలు కబడ్డీలో గెలిచిన కప్పులు బడి అల్మారాలో ఉన్నాయి. వాటి గురించి అందరూ అడుగుతారు. దీని గురించి ఎవరూ అడగరు. అందుకని నేనే చెబుతున్నాను, ముఖ్యంగా ఈ మధ్య పీఈటీలుగా చేరిన అమ్మాయిలకు.

అప్పుడు నేను నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో, పట్టణానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఇల్లు కంఠేశ్వర్‌లో. రోజూ స్కూటీ మీద పోయి వచ్చేదాన్ని. ఆ ఊళ్లో ఒకప్పుడు ఏ పొలం చూసినా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక కొందరు వరికి మళ్లారు, కొందరు సోయాకు మళ్లారు, మగవాళ్లు చాలామంది గల్ఫ్‌కు పోయారు. ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇళ్లు నెట్టుకొచ్చారు. ఊరికి పడమట బంచరాయి ఉండేది. అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి భూమి. దాన్ని ఆనుకుని బీడుపడ్డ చెరుకు చేలు కొన్ని ఉండేవి.

ఆ ఊరిని పట్టణంలో కలిపేసి, బంచరాయిలోనూ ఆ బీడు చేలలోనూ సర్కారు తరఫున గోల్ఫ్ మైదానం కట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. డబ్బున్నవాళ్ల క్లబ్బు కాదు, టికెట్ కొనుక్కుని ఎవరైనా ఆడుకోవచ్చు అన్నారు. ఊరు రెండుగా చీలింది. భూముల ధర పెరుగుతుందని సర్పంచ్, రోడ్డు పక్కన చేలున్నవాళ్లు సంబరపడ్డారు. పట్టణంలో కలిస్తే వందరోజుల పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుందని బీడీలు చుట్టే ఆడవాళ్లు భయపడ్డారు. టీకొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర, మా బడి గేటు దగ్గర కూడా ఇదే గొడవ.

ఒకరోజు ఆర్డీఓ మేడం మా బడికి వచ్చారు. చిన్న వయసు, చురుకైన మనిషి. ఆ మైదానం వస్తే ఊరు బాగుపడుతుందని ఆమె నిజంగానే నమ్మారు. అది మాత్రం ఎవరు ఏమన్నా నేను ఒప్పుకుంటాను.

"మీరు ఆటల టీచరు. ఊళ్లో సగంమంది మీ దగ్గర ఆడి పెరిగినవాళ్లేనట. గోల్ఫ్ అంటే ఏమిటో గ్రామసభలో ఆడి చూపించండి. తెలియని దాన్ని చూసి భయపడుతున్నారు, అంతే" అన్నారు.

ఆమె వెళ్లాక మా హెడ్మాస్టర్ గారు తలుపు దగ్గరగా వేసి నాతో అన్నారు: "పెద్దమేడం అడిగినంక కాదనొద్దు. కాని అవునని కూడ జోర్‌గ అనకు. ఊరోళ్లతోని మనం రోజూ బతకాలె."

మా వీధిలో ఉండే డాక్టరు గారు ఎప్పుడో హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవారట. ఆయన అటక మీది నుంచి రెండు కర్రలు, కొన్ని తెల్లటి బంతులు తీసి ఇచ్చారు. సెల్‌ఫోన్లో వీడియోలు చూసి ఇంటి డాబా మీద బంతి లేకుండా ఊపడం నేర్చుకున్నాను. బంతి లేనంతసేపూ బాగానే వచ్చింది.

గ్రామసభ బడి ఆవరణలోనే పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. నేను ట్రాక్ సూట్ వేసుకుని, విజిల్ మెడలో వేసుకుని, కర్ర పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. మొదటి దెబ్బకు దుమ్ము లేచింది, బంతి లేవలేదు. రెండో దెబ్బకు బంతి లేచింది కాని ముందుకు పోలేదు, పక్కకు పోయి మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు మీద టంగుమని పడింది. వంటామె గరిటెతో సహా బయటికి ఉరికి వచ్చింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు: "గిది మన చిర్రగోనెనే గద మేడం. దీనికి గంత జాగ ఎందుకు?" చిర్రగోనె అంటే బిళ్లంగోడు ఆట.

"బంతి చాలా దూరం పోతుంది తాతా" అన్నాను.

"మీది పోలే గద!" అన్నాడు ఆయన. మళ్లీ నవ్వులు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆఫీసు మనుషులు గోడకు నక్షా తగిలించి, కట్టెతో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. నక్షా మీద రంగురంగుల గీతలు. ఎవరి కంటికి వాళ్లకు కావలసింది కనిపించింది. మా ఖబ్రస్తాన్ పోతున్నదని ఒకరు లేచారు. నా చేను పక్కనే పెద్ద గేటు వస్తున్నదని ఇంకొకరు మురిసిపోయారు.

అప్పుడు ఒక పెద్దావిడ లేచింది. నాలుగు బర్రెలు మేపుకుంటూ, మొగుడు పోయాక ఒక్కతే కొడుకును పెంచుకొచ్చిన మనిషి. ఆమె నోటికి సర్పంచ్ కూడా భయపడేవాడు.

"అమ్మా, ఎవరైన టికెట్ కొనుక్కోని లోపటికి పోవచ్చు అంటున్నవు గద. మరి మా బర్లకు టికెట్ ఎవలు కొంటరు?" అని ఆర్డీఓ మేడంనే అడిగింది.

ఆమె కొడుకు అటు పక్క మగవాళ్లలో కూర్చుని ఉన్నాడు. నా దగ్గర చదివినవాడే, మంచి కబడ్డీ ఆటగాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అక్కడ ఏదో పెద్ద గోల్ఫ్ మైదానంలో సూపర్‌వైజర్ అని ఊళ్లో అందరికీ తెలుసు. మైదానం కావాలనే వాళ్లలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది వాడే.

"అవ్వా, నువ్వు కూసో. నీకేం తెల్వది" అన్నాడు.

"నాకు తెల్వదు, సరే. నీకు తెలిసిందేందో చెప్పు మరి. గంత పెద్ద నౌకరి చేస్తున్నవు గద" అంది తల్లి.

వాడు ముఖం నక్షా వైపు తిప్పుకున్నాడు. ఆ సందులో ఎవరో ఎవరినో తిట్టారు, ఇంకెవరో కుర్చీ ఎత్తారు. ఆర్డీఓ మేడం సభ ఆపేయాల్సి వచ్చింది.

హెడ్మాస్టర్ గారి గదిలో ఆమె తల పట్టుకుని కూర్చున్నారు. నేను కర్రలు గోడకు ఆనించి నిలబడ్డాను. ఆడి చూపించడంలో నేను పూర్తిగా ఓడిపోయాను, అందులో అనుమానం లేదు. కాని గోడ మీది నక్షాను చూస్తూ జనం కొట్లాడుకోవడం నా కళ్లముందే మెదులుతోంది.

"మేడం, కాగితం మీద వాళ్లకు ఊరు కనిపించడం లేదు. దీన్ని నేల మీద గీద్దాం. పంద్రాగస్టు ఆటలకు సున్నం పొడితో కోర్టులన్నీ గీసేది నేనే. దీన్నీ గీస్తాను" అన్నాను.

"అంత భూమినా?"

"కోర్టు కొంచెం పెద్దది, అంతే కద మేడం."

ఆమె నవ్వారు. తర్వాత ఆలోచనలో పడ్డారు. "గీశాక కూడా వద్దంటే?" అని అడిగారు.

"అప్పుడు దేన్ని వద్దంటున్నారో తెలిసి వద్దంటారు. కావాలన్నా తెలిసే అంటారు."

హెడ్మాస్టర్ గారు నాకు కళ్లతో సైగలు చేస్తున్నారు, ఊరుకో అని. నేను చూడనట్టే ఉన్నాను. చివరికి ఆర్డీఓ మేడం ఒప్పుకున్నారు. హద్దులు చూపించడానికి సర్వేయర్‌ను పంపిస్తాను, గీతలు మీరు గీయండి అన్నారు. కొత్త అమ్మాయిలూ, మీకు ఒక్క మాట. మన శాఖలో మనల్ని ఎవరూ పెద్ద పనికి పిలవరు. పిలిచినప్పుడు మనకు రాని పని ఒప్పుకుని నవ్వులపాలు కావడం ఒక పద్ధతి. నేను అదీ చేశాను. చేతనైన పనిని అడిగి తీసుకోవడం ఇంకో పద్ధతి. రెండోది మేలు.

సెలవు రోజుల్లో పని మొదలుపెట్టాం. సర్వేయర్ నక్షా చూసి హద్దులు చెప్పేవాడు. మా కబడ్డీ పిల్లలు తాడు లాగేవాళ్లు. నేను సున్నం పొడి పోసుకుంటూ పోయేదాన్ని. బంతి పడాల్సిన ప్రతి గుంత దగ్గర ఒక వెదురు కట్టె పాతి, దానికి పాత ఎర్రచీర పీలిక కట్టాం. మొదటిరోజే ఆ దుబాయి పిల్లాడు, నేను పిలవకుండానే వచ్చి తాడు అందుకున్నాడు.

వాడు వచ్చాక పని తీరే మారిపోయింది. నక్షా మీద చుక్క మాత్రమే ఉన్నచోట అసలు ఏముంటుందో వాడు చెప్పేవాడు. "ఇక్కడ గడ్డి పొట్టిగుంటది మేడం, మా ఇంట్ల దుప్పటి తీర్గ. ఇటు దిక్కు పొడుగు గడ్డి. గీ వాలు మీద నీళ్లు నిలువద్దు, నిలిస్తే వేరు కుళ్లిపోతది."

"ఇంత చిన్న చిన్న సంగతులు కూడా సూపర్‌వైజర్లే చూస్తారారా?" అని అడిగాను.

వాడు కట్టె పాతుతూ తల ఎత్తలేదు. నెమ్మదిగా అన్నాడు: "సూపర్‌వైజర్ ఎవడు మేడం. నేను గడ్డి కోసేటోన్ని. తెల్లారకముందే లేసి మిషన్ పట్టుకునేటోన్ని. ఎండకు నెత్తి పగిలేది. కాని మేడం, పొద్దు పొడిచే యాళ్లకు గా గడ్డిని సూస్తే మస్తు మంచిగుంటుండె. ఇది నేనే చేసిన గద అనిపిస్తుండె."

"ఇంట్లో చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? గడ్డి కోసుటానికి గంత దూరం పోవాల్నా అంటరు."

తాడు లాగమని చెప్పాను. వాడు లాగాడు.

సాయంత్రం వాడి తల్లి బర్రెలను మళ్లించుకుని వస్తూ మా దగ్గర ఆగింది. నేల మీద సున్నంతో గీసిన పెద్ద గుండ్రాన్ని చూసి, "గిదేందిరా?" అంది.

"చెరువు తీర్గ తవ్వి నీళ్లు నింపుతరవ్వా."

"బర్లు తాగొచ్చునా?"

"తాగద్దు."

"మరి ఎవలకోసం?"

"బంతి అండ్ల పడితే ఆట కష్టమైతది. గందుకు."

ఆమె ఆ గుండ్రాన్ని చూసింది, కొడుకును చూసింది. "బంతికి చెరువు!" అని నవ్వుకుంటూ బర్రెల వెంట పోయింది.

మళ్లీ గ్రామసభ రోజు వచ్చింది. ఈసారి కుర్చీలు వేయలేదు. అందరూ బంచరాయికి రావాలని డప్పు కొట్టించారు. బీడీ ఆకు చాటలు ఇళ్లలో పెట్టేసి ఆడవాళ్లు వచ్చారు. ఎర్ర పీలికలు గాలికి ఊగుతున్నాయి, తెల్ల గీతలు కనుచూపు మేర పోతున్నాయి. నేను విజిల్ ఊది ముందు నడిచాను. వెనక ఆర్డీఓ మేడం, సర్పంచ్, ఊరు.

నడుస్తుంటే ఒక్కొక్కటే తేలసాగింది. ఖబ్రస్తాన్ దగ్గరికి పోయేసరికి గీత దానికి చాలా దూరంగా మలుపు తిరిగింది. కుర్చీ ఎత్తిన మనుషులు ఆ మలుపు దగ్గర నిలబడి చూసి, "మాకు గలత్ చెప్పిండ్రు" అని తలలు ఊపారు. రోడ్డు పక్కన పెద్ద గేటు వస్తుందని మురిసినాయన చేను దగ్గర గీత అసలే లేదు, గేటు అవతలి దిక్కున ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది. బర్రెలు వాగుకు పోయే బాట మాత్రం నడిమధ్యకు తెగింది. పాత చెరుకు బండ్ల దారి కూడా తెగింది. దాన్ని ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. గీత మీద నిలబడితే కనిపిస్తోంది.

"గీ గడ్డికంత నీళ్లు యాడియి?" అని ఒక రైతు అడిగాడు.

ఆర్డీఓ మేడం దాచలేదు. "పట్టణంలో శుద్ధి చేసిన నీళ్లు తేవాలని ఆలోచన. పైపులైను ఇంకా లేదు. అప్పటిదాకా బోర్లే" అన్నారు.

అప్పుడు ఆ దుబాయి పిల్లాడు ముందుకు వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"అందరు నన్ను సూపర్‌వైజర్ అంటరు. నేను సూపర్‌వైజర్‌ను కాదు. ఆడ గడ్డి కోసేటోన్ని, నీళ్లు పెట్టేటోన్ని" అన్నాడు. జనంలో గుసగుస. వాడు ఆగలేదు. "ఆడ సముద్రం నీళ్లను మంచిగ చేసి పోస్తరు. ఈడ బోర్ల నీళ్లే పోస్తరు, నేను అబద్ధం చెప్ప. అయినా నేను మైదానం కావాలనే అంట. గీ పని నాకు వస్తది. గిది ఈడనే ఉంటే నేను ఈడనే ఉంట. నా బిడ్డ నన్ను ఫోన్ల సూసుకుంట పెరుగుతున్నది."

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. "గడ్డి కోసుడానికి ఇమానమెక్కిండట" అన్నారు.

వాడి తల్లి గిరుక్కున తిరిగింది. "ఎవడ్రా నవ్వింది? గడ్డి కోసుడు తప్పా? నేను పుట్టినకాడికెల్లి గడ్డే కోస్తున్న. గా గడ్డితోనే నీ ఇంటికి పాలొచ్చినయి" అంది. నవ్వు ఆగిపోయింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది: "నువ్వు ఈడనే ఉండాలె కొడుకా. గా ఆశ నాకు లేదా? కాని బర్లు యాడికి పోవాలెరా? గా బర్లుంటేనే నిన్ను సదివించిన."

నిజం ఇద్దరి దగ్గరా ఉంది. అక్కడున్న అందరికీ అది తెలిసిపోయింది. మొదటి సభలో లేనిది అదే.

సర్పంచ్ చేతులెత్తమన్నాడు. కొన్ని చేతులు సగం లేచి ఆగాయి. ఆడవాళ్లు మొగుళ్ల ముఖాలు చూస్తున్నారు. నాకు చూస్తూ ఉండబుద్ధి కాలేదు. "చేతులు వద్దు సార్. ఇక్కడ గీత ఉంది కద. కావాలనేవాళ్లు రోడ్డు వైపు, వద్దనేవాళ్లు వాగు వైపు నిలబడండి" అన్నాను. ఆర్డీఓ మేడం సరేనన్నారు. విజిల్ ఊదాను.

ముందు ఎవరూ కదలలేదు. తర్వాత ఆ పెద్దావిడ కొంగు బిగించి వాగు వైపు నడిచింది. ఆమె వెనక బీడీల ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని గుంపుగా దాటారు. సర్పంచ్ భార్య కూడా దాటింది! సర్పంచ్ ఆమెను చూసి మీసం సవరించుకున్నాడు కాని పిలవలేదు. దుబాయి పిల్లాడు రోడ్డు వైపే నిలబడ్డాడు, తల్లికి సరిగ్గా ఎదురుగా. వాడి పక్కన కొందరు యువకులు. లెక్కపెట్టే అవసరం లేకపోయింది. వాగు వైపు జనం ఎంత ఎక్కువో కంటికే తెలిసింది.

ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పెద్దావిడ గీత అవతలి నుంచి కొడుకును కేకేసింది: "అయిపోయింది గద. ఇగ నడువు, కూర సల్లారిపోతది." వాడు గీత దాటి ఆమె వెంట నడిచాడు.

ఆర్డీఓ మేడం ముఖంలో నిరాశ కనిపించింది. ఆమె దాచుకోలేదు కూడా. ఊరు ఏమన్నదో, ఎందుకన్నదో అక్కడే నిలబడి రాయించి సంతకం పెట్టారు. జీపు ఎక్కబోతూ నాతో అన్నారు: "టీచర్ గారూ, మీరు నాకు సాయం చేశారో, అడ్డం పడ్డారో నాకింకా అర్థం కాలేదు."

"నాకూ అర్థం కాలేదు మేడం. గీత మాత్రం తిన్నగా గీశాను" అన్నాను.

ఆమె పకపకా నవ్వారు. ఆ తర్వాత ఆ ప్రతిపాదన మా ఊరి జోలికి రాలేదు. ఊరిని పట్టణంలో కలిపే మాట కూడా ఆగిపోయింది. మా హెడ్మాస్టర్ గారు మాత్రం కొన్ని నెలలపాటు, నన్ను ఎక్కడికి బదిలీ చేస్తారోనని నాకన్నా ఎక్కువ బెంగపడ్డారు. ఏమీ కాలేదు.

అంతా తీపే అని చెప్పను. సెలవు అయిపోగానే ఆ పిల్లాడు మళ్లీ దుబాయి పోయాడు. బస్సు ఎక్కే ముందు బడికి వచ్చి నా కాళ్లకు దండం పెడితే, నాకు కళ్లెత్తి చూడబుద్ధి కాలేదు. వాడి కోసం నేను గీసిన గీత కాదు అది, వాడికి ఎదురుగా గీసినట్టయింది కదా అనిపించింది. కాని అక్కడి ఉద్యోగ ఒప్పందం ముగిశాక వాడు తిరిగి వచ్చేశాడు. తమ బీడు చెరుకు చేనులో గడ్డి పెంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ గడ్డిని వేళ్లతో సహా చాపల్లా చుట్టి ఫంక్షన్ హాళ్లకు, ఆర్మూర్, కమ్మర్‌పల్లి దిక్కున గల్ఫ్ వాళ్లు కట్టుకున్న కొత్త ఇళ్లకు అమ్ముతాడు. కొన్నాళ్లు బాగా నడుస్తుంది, కొన్నాళ్లు నడవదు. ఊళ్లో వాడిని ఏం చేస్తావని అడిగితే గడ్డి పెంచుతానని తలెత్తి చెబుతాడు. వాడి బిడ్డ మా బడిలోనే చేరింది, కబడ్డీ కన్నా పరుగు ఇష్టమట.

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక, పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం వాడి నుంచి ఫోన్ వచ్చింది. ఊరి మీదుగా కొత్త సడక్ వేస్తామని ఎవరో పెద్ద మనుషులు వచ్చారట. బడిలో తెల్ల తెర కట్టి బొమ్మలు చూపించబోయారట. ఊరివాళ్లు ఆ తెర మడతపెట్టించి, ముందు నేల మీద గీసి చూపించుండ్రి సార్, తర్వాత మాట్లాడుకుందాం అన్నారట. వాళ్లకు గీయడం రాలేదట.

"మరి నన్ను పిలవాల్సింది కదరా?" అన్నాను.

"ఎందుకు మేడం, మేమే గీసినం. పొద్దుగాల్నే అయిపోయింది."

"తాడు ఎవరు పట్టారు?"

"ఒక దిక్కు నేను," అన్నాడు వాడు, "ఒక దిక్కు మా అవ్వ."